చెప్పులు చేతపట్టుకున్న ప్రయాణికులు

జూన్ 4

స్టీరింగు వదిలినా హారను వదలని మామయ్యకి,

నీ తర్వాతమ్మ రాస్తున్నాను. ఫోనులో నా గొంతు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుందని పోయినసారి విసుక్కున్నావు కదా, అందుకే మళ్లీ కాగితం మీదికి వచ్చాను. మా ఆఫీసులో కాగితం దొరకడం గగనం. ప్రింటరు పొట్టలోంచి నాలుగు లాగాను, ఎవరికీ చెప్పకు.

ఇక్కడ మధ్యాహ్నాలు చాలా నెమ్మదిగా గడుస్తాయి. నేను కూర్చునేచోట కిటికీకి పాలరంగు అద్దం వేశారు. వీధిలో నడిచేవాళ్లు అందులోంచి నీడలుగా కనిపిస్తారు. ఒక నీడ ఇంకో నీడలోకి వెళ్లి, మళ్లీ విడిపోయి, ఎవరి దారిన వాళ్లు పోతారు. తల ఎత్తి చూసినప్పుడల్లా వాళ్లంతా నీ కథలో బస్సు ఎక్కడానికే వెళ్తున్నారనిపిస్తుంది. చిన్నప్పుడు అమ్మ మిల్లుకి వెళ్లాక నన్ను చాప మీద పడుకోబెట్టి చెప్పేవాడివే, ఆ బస్సు.

అసలు సంగతీ ఆ బస్సే. నువ్వు రిటైరయ్యాక డిపోవాళ్ల పిల్లల్ని నిద్రపుచ్చుతున్న గదిలో, మీ అందరి ఒప్పుదలతో మా కంపెనీవాళ్లు ఒక చిన్న పెట్టె పెట్టి వెళ్లారు కదా. దాని పేరు కునుకు. నిద్రపట్టనివాళ్లతో మాట్లాడి, కథ చెప్పి, జోకొట్టే ఏఐ ఏజెంటు. అది నీ కథ విని నేర్చుకుంది. ఇప్పుడు ఎక్కడెక్కడి ఆసుపత్రి మంచాల పక్కనో, రైలు పెట్టెల్లోనో నీ బస్సు తిరుగుతోంది మామయ్యా! కాలు విరిగిన ఒక ముసలాయన బొత్తాల కొట్టు దాటకముందే నిద్రపోయాడని ఒక నర్సు మాకు రాసింది. ఆ ఉత్తరం నా సొరుగులో దాచుకున్నాను.

ఏజెంటు నేర్చుకున్న ప్రతిదాని వెనకా ఉన్న మనిషిని వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ పేర్లు బ్లాక్‌చెయిన్‌లో ఎక్కుతాయి. పేరు చూసి భయపడకు. నువ్వు నిండు బస్సులో నిలబడి ఒక మాట అన్నావనుకో, బస్సంతా వింటుంది. తర్వాత నువ్వు అనలేదని బుకాయించినా, ఇంకొకడు వచ్చి ఆ మాట నాదే అన్నా, అంతమంది చెవుల్లోంచి దాన్ని తీసెయ్యలేరు. ఇదీ అంతే. ఎవరు ఏమిచ్చారో ఒకేసారి వేల కంప్యూటర్లలో రాసిపెడతారు. ఆపైన మా యజమాని తలకిందులుగా తపస్సు చేసినా ఒక్క అక్షరం చెరపలేడు. కునుకు ఆ కథ చెప్పినప్పుడల్లా నీ పేరు పలుకుతుంది, వచ్చే డబ్బులో నీ వాటా దానంతట అదే నీకు చేరుతుంది.

జూలై ఆఖరుకి ముద్ర పడిపోతుంది. అప్పటికి పేరు తేలని కథ "ఎవరిదీ కాదు" అని ఎక్కుతుంది, ఇక ఎప్పటికీ అంతే. ఫారం జతచేశాను. ఒక్క సంతకం చాలు.

నీ
తర్వాతమ్మ

జూన్ 13

టికెట్టు లేకుండా నా భుజాలమీద ఊరేగిన కోడలు పిల్లకి,

నువ్వు చెప్పింది సగం అర్థమైంది, మిగతా సగానికి అర్థమైనట్టు తల ఊపాను. ఎదురుగా ఎవరూ లేరు, అయినా ఊపాను.

నా బస్సు రైళ్లెక్కి తిరుగుతోందా! చిల్లర బావకి చెప్తే టీ గ్లాసు కింద పెట్టేశాడు. నీకు గుర్తున్నాడా, నా బండిలో కండక్టరు, చిల్లర ఉండి కూడా లేదనేవాడు. మిగతా అందరిచేతా తిట్లు తిన్నాడు గాని నాకు మాత్రం తోడబుట్టినవాడే.

సంతకం పెట్టమన్నావు. పెడతాను, కానీ నాది ఎంతవరకో అంతవరకే. బొత్తాల కొట్టు దగ్గర బస్సు బయల్దేరడం నాది. ముసలి గాలి ఎక్కితే దానికి కిటికీ పక్క సీటివ్వడం నాది. కళ్లజోడు పెట్టుకున్న మేకకి సగం టికెట్టు కొట్టడం చిల్లర బావది. ఒకసారి బండి చెడిపోయి రోడ్డుమీద కూర్చున్నప్పుడు చెప్పాడు. అది వాడి పేరున రాయి. లేకపోతే సొమ్మొకడిది సోకొకడిది అవుతుంది.

ఇక వంతెన దాటాక ఉంది చూడు, అది నాది కాదు. బస్సు మబ్బులోకి దూరుతుంది. డ్రైవరుకి నిద్రొస్తుంది. ప్రయాణికులంతా చెప్పులు విప్పి చేతపట్టుకుని, బెల్లు కొట్టకుండా, మునివేళ్లమీద ఎవరి స్టాపులో వాళ్లు దిగిపోతారు. మేక తన కళ్లజోడు తీసి డ్రైవరు జేబులో పెట్టి మరీ దిగుతుంది. బస్సు తనంతట తానే ఇంటికి చేరుతుంది.

డ్రైవరు నిద్రపోయే కథ ఏ డ్రైవరైనా అల్లుతాడటే? సర్వీసు మొత్తంలో నేను రెప్ప వాల్చలేదు. తెల్లవారుజాము బండి నడిపి వచ్చి, మీ నాన్న ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే, మధ్యాహ్నమంతా నీకు కాపలా కూర్చున్నప్పుడూ వాల్చలేదు. నువ్వు పడుకునేదానివి, నేను కూర్చునేవాణ్ణి. పిల్లని కనిపెట్టి ఉంటానని మీ అమ్మకి మాటిచ్చాను మరి.

ఆ సగం నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. కలలో విన్నట్టుంటుంది. ఆడగొంతు. మెత్తగా, చెవి దగ్గరే. ఎవరిదో కనుక్కుని వాళ్ల పేరు రాయి. అంతవరకూ నా సంతకం డిపో దాటదు.

ఇక్కడ పిల్లలంతా క్షేమం. బొత్తాం అని ఒక పిల్ల ఉంది, నాలుగేళ్లుంటాయేమో, కనిపించిన చొక్కా గుండీలన్నీ కొరుకుతుంది. దానికి నిద్రపట్టదు. నీలాగే "తర్వాత? తర్వాత?" అని ప్రాణం తీస్తుంది.

ఇట్లు
నీ డ్రైవరు

జూన్ 24

రెప్ప వాల్చని మామయ్యకి,

నిద్రే పోనివాడికి కల ఎలా వచ్చిందో ముందు అది చెప్పు!

చిల్లర మామయ్య మేకని విడిగా రాశాను. ఆయన ఫోను చేసి, మేకకి కళ్లజోడు పెట్టింది కూడా తానేనని, ఆ సంగతి తప్పకుండా ఉండాలని రెండుసార్లు చెప్పాడు. ఉంటుందని మాటిచ్చాను.

మిగతా సగం గురించి మా పైఆఫీసరుని అడిగాను. "కల" అని రాయచ్చా అని. ఆమె మంచిదే, నవ్వలేదు. కలకి వేలిముద్ర ఉండదమ్మా, వాటా ఎవరికి పంపాలి అంది. అప్పుడు అమ్మని అడిగాను. ఆడగొంతు అన్నావు కదా, ఇంట్లో ఉన్న ఆడగొంతు అదొక్కటే. పొయ్యిమీద ఏదో మాడుతోందని ఫోను పెట్టేసింది. అమ్మ పొయ్యిమీద ఏదైనా మాడనిస్తుందా?

మామయ్యా, ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. ఎప్పుడో రేడియోలోనో, బస్సులో ఎవరో ప్రయాణికుల నోటనో విని మర్చిపోయి ఉంటావేమో గుర్తుచేసుకో. ఇంకొకరి కథ మన పేరున ఎక్కితే చెరపడానికి ఉండదు. అలా కాకపోతే మొత్తం నీదేనని సంతకం పెట్టెయ్యి. ఈ రెంటిలో ఏదో ఒకటి తేలాలి. నువ్వు ఇలా నానుస్తూ కూర్చుంటే రేపు ఏ పేరూ లేకుండా పోతుంది. నీ కథ విని నిద్రపోయేవాళ్లకి అది ఎవరిదో తెలియకుండా పోవడం నేను భరించలేను.

నిన్న మధ్యాహ్నం టేబులుమీద తల వాల్చి కునుకుని కథ చెప్పమన్నాను. గొంతు నీది కాదు గాని, బొత్తాల కొట్టు దగ్గర ఆగే తీరు నీదే. వంతెన వచ్చేసరికి నాకు నిద్ర రావాలి కదా, మెలకువ వచ్చింది. ఎందుకో ఒళ్లంతా జాగ్రత్తపడింది. కిటికీ అద్దంమీద నీడలు కూడా అప్పుడు చప్పుడు చెయ్యకుండా నడుస్తున్నట్టనిపించింది.

నీ
తర్వాతమ్మ

జూలై 2

కోడలికి,

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. ప్రయాణికుడి నోటినుంచి ఎత్తుకొచ్చానా? నా బండిలో ఎవరైనా గొడుగు మర్చిపోతే ఊరంతా తిరిగి ఇచ్చి వచ్చినవాణ్ణి. కథ ఎత్తుకొస్తానా?

మీ అమ్మకి నేనూ ఉత్తరం రాశాను. అక్కా, ఆ సగం నీదా అని. ఏం రాసిందో తెలుసా? "పాత మధ్యాహ్నాల జోలికి పోకురా." అంతే, కింద సంతకం కూడా లేదు. ఇంకేం తేలాలి? కథ దానిదే. మిల్లు నుంచి వచ్చి నీకు చెప్పుకుంటుంటే నేను విని ఉంటాను. దాన్ని పట్టుకెళ్లి ఊరి పిల్లలందరికీ చెప్పేశానని అక్కకి మనసు కష్టమైంది. పైకి అనదు. చిన్నప్పటినుంచీ అంతే, దెబ్బ తగిలితే గోడవైపు తిరిగి పడుకుంటుంది.

అక్క సొమ్ము మీద నా పేరు ఎక్కించుకోను. దాని పేరు రాద్దామంటే అది ఒప్పుకోదు. కాబట్టి "ఎవరిదీ కాదు" అనే రాసుకోండి. మొత్తం కథ. బొత్తాల కొట్టుతో సహా.

నీ పెట్టె బాగానే చెప్తోంది. దగ్గు రాదు, దాహం వెయ్యదు, పేర్లు తారుమారు చెయ్యదు. మొన్న నాకు జలుబు చేస్తే అదే చెప్పింది, నేను మూల కుర్చీలో కూర్చున్నాను. కర్టెను వెనకాల ఎండ, చాపలమీద పిల్లల పాదాలు. అందరూ పడుకున్నారు, ఒక్క బొత్తాం తప్ప. అది లేచి నా వైపు తిరిగి కూర్చుని, పెట్టె చెప్తున్నంతసేపూ నా మొహమే చూసింది. ఎందుకలా చూస్తుందో నాకర్థం కాలేదు.

మామయ్య

జూలై 12

(ఇది పంపను.)

మామయ్యా,

అమ్మ వచ్చింది. బండి దిగి, నీళ్లు కూడా తాగకుండా, నా మంచంమీద కూర్చుని చెప్పింది.

మిల్లు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నేను నిలబడి ఉండేదాన్నట. నోటిమీద వేలు, రెండో చేతిలో నా చెప్పులు. "ష్... మామయ్య బస్సు నడుపుతున్నాడు" అనేదాన్నట. లోపల చాపమీద నువ్వు. గురక వీధిలోకి వినిపించేదట. ఒకరోజు కాదు, ఇంచుమించు రోజూ.

నీకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే వాడు మళ్లీ మొహం చూపించేవాడా? మాటిచ్చి తప్పానని రావడం మానేసేవాడు. వాడు మానేస్తే నేను మిల్లు మానెయ్యాలి. ఇల్లెట్లా గడిచేదే? అయినా చీకట్లో లేచి బండి నడిపొచ్చేవాడు, వాడు మాత్రం మనిషి కాదా" అంది. తర్వాత చెప్పడానికి ఆలస్యమైపోయిందట. ఇప్పుడు నువ్వు రెప్ప వాల్చలేదని పదిమందిలో చెప్పుకుంటుంటే విని ఊరుకోవడం అలవాటైందట.

అమ్మ చెప్తుంటే నాకు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. వంతెన దగ్గరికి రాగానే నీ మాటలు సాగేవి. "బస్సు... వంతెన... ఎక్కి..." అని ఆగిపోయేవి. నేను "తర్వాత?" అనేదాన్ని. జవాబుగా నీ గురక వచ్చేది. బస్సు వంతెనమీదే ఆగిపోయిందని నాకు భయం వేసేది. నిన్ను లేపాలనిపించేది, మళ్లీ పాపం అనిపించేది. అందుకని నీ చెవి దగ్గర పడుకుని మిగతా కథ నేనే చెప్పేదాన్ని. డ్రైవరుకి నిద్రొచ్చింది, అందరూ చెప్పులు చేతపట్టుకున్నారు, అని. మంచినీళ్లకి లేచినప్పుడు నేనూ అలాగే నడిచేదాన్ని.

నువ్వు కలలో విన్నది నన్నే. ఇన్నేళ్లూ నువ్వే నన్ను నిద్రపుచ్చావనుకున్నాను.

ఇది నీకు ఎలా రాయను? నీకున్న గొప్ప అదొక్కటే. పైగా పేర్లు తేల్చే ఉద్యోగం నాది. మామయ్య కథలో సగం లాక్కుని నా పేరే రాసుకుంటే జనం ఏమనుకుంటారు? అవేమీ కాకపోయినా, నీ రెప్ప గురించి నిండు బస్సులో నిలబడి చెప్పే పని నా వల్ల కాదు.

జూలై 12

మామయ్యకి,

కోపం తగ్గిందా? నేను తొందరపడి రాశాను, మనసులో పెట్టుకోకు.

ఆ సగం ఎవరిదో తెలిసింది. అమ్మది కాదు. నువ్వు ఎవరిదగ్గరా ఏమీ ఎత్తుకురాలేదు, నామీద ఒట్టు. ఆ మనిషి నీకే ఇచ్చింది, ఇష్టంగా ఇచ్చింది. పేరు వద్దంటోంది, వాటా వద్దంటోంది. మొత్తం నీ పేరునే ఎక్కాలంటోంది. ఇంక అడక్కు. కొత్త ఫారం పంపుతున్నాను, పది నిమిషాలు కూర్చుని నింపెయ్యి. ముద్రకి ఇక ఎక్కువ రోజుల్లేవు.

అమ్మ నా దగ్గరే ఉంది. నీమీద దానికి ఏ కష్టమూ లేదు. నీ గురించి చెప్తూ నవ్వుతుంది, మళ్లీ కళ్లు తుడుచుకుంటుంది.

నీ
తర్వాతమ్మ

జూలై 23

తర్వాతమ్మకి,

నీ ఉత్తరం వచ్చాక నాకు అన్నం సయించలేదు. ఎవరా మనిషి? కథ ఇచ్చి పేరు వద్దనేవాళ్లు ఈ లోకంలో ఉన్నారా? చిల్లర బావ మేక కోసం అంత గోల చేశాడే! వీళ్లంతా కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారని పట్టుదలొచ్చింది. సంతకం పెట్టకూడదనే అనుకున్నాను.

మొన్న మధ్యాహ్నం బొత్తాం పేచీ పెట్టింది. పెట్టె చెప్తే వద్దంది, తాతే చెప్పాలంది. సరే అని కర్టెను లాగి, దాని పక్కనే చాపమీద నడుం వాల్చాను. బొత్తాల కొట్టు అయింది, గాలి ఎక్కింది, మేక ఎక్కింది. వంతెన వరకూ వచ్చామని తెలుసు. ఆ తర్వాత నాకు తెలీదు.

చల్లగా ఉంది. మబ్బులో ఉన్నట్టే ఉంది. చెవి దగ్గర మెత్తగా ఒక గొంతు. "డ్రైవరుకి నిద్రొచ్చేసింది. ఎవ్వరూ అరవకండి. చెప్పులు విప్పెయ్యండి." అదే గొంతు అమ్మా, నేను కలలో విన్నది. నువ్వొచ్చావనుకున్నాను. ఇంత చిన్నదానివైపోయి ఎలా వచ్చావా అనుకున్నాను.

కొంచెంగా కన్ను తెరిచాను. బొత్తాం. దాని చెప్పులు దాని చేతిలో ఉన్నాయి. మునివేళ్లమీద కుండ దగ్గరికి వెళ్లి, నీళ్లు తాగి, అలాగే తిరిగొచ్చి, మళ్లీ నా చెవి దగ్గర కూర్చుని బస్సు నడపసాగింది. తలుపు దగ్గర ఆయమ్మ నవ్వాపుకుంటూ నిలబడి ఉంది. ఇదెప్పటినుంచే అని తర్వాత అడిగితే, "కుర్చీలో కూర్చుంటే ఇంటిదాకా చెప్తారు, చాపమీద వాలితే మాత్రం మీరు చేరినప్పటినుంచీ అంతేగా బాబాయ్, మేమెవరం చెప్పలేదులే" అంది.

నేను లేవలేదు. కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాను. కన్నీళ్లు చెవిలోకి కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే నేను లేచానని దానికి తెలిసిపోతుంది. మీ ఇంటి చాప, గుమ్మంలో ఎండ, మీ అమ్మ రాసిన ఆ ఒక్క వాక్యం, పేరు వద్దన్న మనిషి, అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. పిల్లని కనిపెట్టి ఉంటానని వచ్చి, పిల్లచేత కాపలా కాయించుకున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనుంచే ఎంత సంతోషం వచ్చిందో చెప్పలేను. నన్నెవరూ లేపకుండా ఉండటానికి మీ ఇంట్లో మీరిద్దరు ఆడవాళ్లు ఇన్నేళ్లు చెప్పులు విప్పి నడిచారన్నమాట.

ఫారం నింపి పంపుతున్నాను. వంతెన ఇవతల నా పేరు, మేక దగ్గర చిల్లర బావ పేరు. వంతెన అవతల నీ పేరు. నీ పేరు నువ్వు రాసుకోలేదు, నేను రాశాను, కింద చిల్లర బావ సాక్షి సంతకం కూడా ఉంది. కాబట్టి మీ ఆఫీసులో ఎవరైనా నోరెత్తితే నా దగ్గరికి పంపు. "ఈ భాగం ఎలా వచ్చింది" అన్నచోట ఒక్క వాక్యమే రాయాలట, నేను రెండు రాశాను, సర్దుకోమను.

"వంతెన దగ్గర డ్రైవరు నిద్రపోయాడు. అక్కడినుంచి ఇంటిదాకా బస్సుని అతని మేనకోడలు నడిపింది."

ఇది ముద్రపడితే మీ యజమాని తపస్సు చేసినా చెరగదన్నావు. అదే కావాలి నాకు.

ఇంకో ఫారం కూడా పంపు. మొన్న బొత్తాం బస్సుని ఇంటివైపు కాకుండా సముద్రంవైపు తిప్పింది. అది దానిదే.

మధ్యాహ్నమైంది. పిల్లలు చాపలు పరుచుకుంటున్నారు. నాకూ కళ్లు వాలుతున్నాయి.

నీ ప్రయాణికుడు,
మామయ్య